బండి నిలబెట్టే చోటు

చక్రాల ఇల్లు తగిలించుకుని దేశం చుట్టొచ్చామని చెప్పుకునేవాళ్ళని నేను చాలామందిని చూశాను. వాళ్ళందరూ ఒక ఎత్తు, మా పక్కింటి కోడలు బోరమ్ ఒక్కతీ ఒక ఎత్తు. కొరియా దక్షిణపు కొసనున్న మా హేనమ్ ప్రాంతంలో ట్రైలర్‌తో అందరికంటే దూరం వెళ్ళిన మనిషి ఆవిడే. ఎవరో చెప్పగా విని చెబుతున్న మాట కాదిది. ఆ ప్రయాణంలో మొదటి అడుగునుంచి చివరి అడుగుదాకా బండి వెంట ఉన్నవాణ్ణి నేను. ఇరుకు గేట్లోంచి దాన్ని ఒక్క గీత పడకుండా బయటికి తీయించింది కూడా నేనే.

ఆ శుక్రవారం మధ్యాహ్నందాకా బోరమ్ గ్వాంగ్జు పట్నంలో పళ్ళ డాక్టరు పక్కన నిలబడే ఉంది. డాక్టరు పన్ను తొలుస్తుంటే సన్నటి గొట్టంతో ఉమ్ము లాగడం ఆవిడ పని. రోజుకి ఇరవై నోళ్ళు. కారెక్కగానే బూట్లు విప్పి, వాచిన పాదాలు ముందద్దం కింద ఆనించి కళ్ళు మూసుకుంది. వెనక సీట్లో ఐదేళ్ళ కూతురు సోల్ ప్లాస్టిక్ బకెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బకెట్లో చిన్న పార, జల్లెడ.

శనివారం పొద్దున్నే సముద్రానికి వెళ్ళాలని వాళ్ళ ఆలోచన. నేల అంతమైపోయే చివర రేవు దగ్గర, పైన్ చెట్ల కింద బండి నిలబెట్టుకోవాలి. సోమవారం సాయంత్రందాకా ఎవరికీ వండకుండా, ఎవరి నోట్లోకీ చూడకుండా పడుకోవాలి. ఆ సోమవారం సెలవు కోసం బోరమ్ రెండు నెలలు అడిగింది. మళ్ళీ సెలవంటే వేసవికే.

"ఈసారి ఏం పీకాలో," అంది కళ్ళు తెరవకుండా.

"పీకడానికేం లేదు," అన్నాడు కారు నడుపుతున్న మొగుడు తేగ్యూ. "మొదటిసారి వెల్లుల్లి, రెండోసారి మిరప. రెండూ అయిపోయాయి. కిమ్చి పచ్చడి పెట్టేది వచ్చే వారం. నేను ఫోన్ చేసి అడిగాను."

"అడిగితే మీ అమ్మ ఏమంది?"

"రండి అంది."

"అది జవాబు కాదు, సోల్ నాన్నా."

తేగ్యూ ముందున్న లారీని దాటాడు. మంచివాడే. వాళ్ళమ్మ ఎదట నోరు పెగలదు, అంతే.

తప్పంతా బండి కొన్నరోజునే జరిగింది. ఇలాంటి బండి కొనాలంటే దాన్ని నిలబెట్టే చోటు కాగితం మీద చూపించాలి. అపార్ట్‌మెంట్‌వాళ్ళు మా దగ్గర కుదరదన్నారు. తేగ్యూ నవ్వుతూ వాళ్ళమ్మ వాకిలి చూపించి ముద్ర వేయించుకొచ్చాడు. అలా ఆ బండికి చిరునామా అత్తగారిల్లయింది. సముద్రానికి వెళ్ళాలన్నా, కొండకి వెళ్ళాలన్నా ముందు అత్తగారి గేటు తీయాలి. ఆ గేటు లోపల పని లేని రోజంటూ నాకు తెలిసి నలభై ఏళ్ళలో లేదు.

ఆ రోజూ అంతే. గేటు తీసేసరికి వాకిలినిండా పొడుగు క్యాబేజీల గుట్ట. నూట ఇరవై. దాని ముందు చిన్న పీట మీద కూర్చుని ఓక్‌బున్, అంటే తేగ్యూ అమ్మ, ఒక్కోదాని మొదట్లో కత్తి దింపి, మిగతాది చేత్తో చీలుస్తోంది.

"వచ్చారా. మంచు పడుతుందన్నారు, అందుకని ముందుకి జరిపాను," అంది తల ఎత్తకుండా. "బట్టలు మార్చుకో అమ్మాయ్. చీకటి పడేలోగా సగమైనా ఉప్పులో వేయాలి."

బోరమ్ తేగ్యూ వైపు చూసింది. తేగ్యూ కారు డిక్కీలో ఏదో వెతుకుతున్నాడు. అందులో ఏమీ లేదు. అయినా చాలాసేపు వెతికాడు.

బండి గోడవార తెల్లగా, కోడిగుడ్డులా నిలబడి ఉంది. అందులో ఇద్దరు పెద్దలూ ఒక పిల్లా పడుకుంటే ఆ పైన దోమ దూరాలన్నా అనుమతి అడగాలి. బోరమ్ బట్టల సంచి లోపల పెడదామని తలుపు తీసింది. తీసి, ఒక అడుగు వెనక్కి వేసింది.

పరుపు మీద, కర్టెన్ కడ్డీకి, గడ్డితాళ్ళతో పన్నెండు సోయా దిమ్మలు వేలాడుతున్నాయి. గింజలు ఉడకబెట్టి, దంచి, ఇటుకల్లా చేసి ఊరబెట్టినవి. వాటితోనే ఏడాదికి సరిపడా సోయా ముద్దా, సోయా సాసూ తయారవుతాయి. ఊరుతున్నప్పుడు వాటి వాసన సంగతి మాత్రం అడక్కండి. ఆ తలుపు తీసిన గాలికి మా కుక్క లేచి ఊరవతల చుట్టాలింటికి పోయింది.

"అమ్మా, ఈ ఇటుకలు నాన్న సాక్సుల్లా ఉన్నాయి," అంది సోల్ ముక్కు మూసుకుని.

"అత్తయ్యా, బండిలో..."

"ఎండకి లోపల ఎంత వెచ్చగా ఉంటుందో తెలుసా? ఖాళీగా పడి ఉన్నదే కదా. ఇంకో ఇరవై రోజులు వాటిని కదపకూడదు." ఓక్‌బున్ ఇంకో క్యాబేజీ చీల్చింది. "చేతి తొడుగులు ఆ కొక్కానికి ఉన్నాయి చూడు."

బోరమ్ తలుపు మెల్లగా వేసింది. ఎర్ర రబ్బరు తొడుగులు తీసుకుని చెయ్యి లోపలికి దూర్చింది. లోపల ఇంకా తడిగా ఉంది. పొద్దున్నుంచి ఎవరో వేసుకున్నవే.

శనివారం తెల్లవారకముందే నీళ్ళ చప్పుడు మొదలైంది. ఉప్పులో మెత్తబడ్డ క్యాబేజీల్ని మూడు తొట్లలో మూడుసార్లు జాడించాలి. తొట్టి మారినప్పుడల్లా ఒక్కో ఆకు సందులోకీ వేలు పోనిచ్చి ఉప్పు తీయాలి. జాడించినవాటిని వెదురుతడకల మీద బోర్లించాలి. కుళాయి నీళ్ళు ఎముకలు కొరుకుతున్నాయి. బోరమ్ వంగినమనిషి వంగినట్టే ఉంది. మధ్యలో ఒకసారి నడుం నిలబెట్టబోయి, సగంలో ఆగి, ఎందుకొచ్చిందిలే అన్నట్టు మళ్ళీ వంగింది.

ముల్లంగి తరుగు, ఆవాకు, ఉల్లికాడలు, కారం, రొయ్యల ఉప్పునీళ్ళు, జిగురుబియ్యం గంజి, అన్నీ పెద్ద ఎర్ర తొట్టిలో పడ్డాయి. కలపడం తేగ్యూ వంతు. మోచేతులదాకా ముంచి పార తిప్పినట్టు తిప్పాడు. ఆ ముద్దని ఆకు ఆకుకీ రాసి, చివరి పెద్దాకు చుట్టి, పసిపిల్లకి దుప్పటి చుట్టినట్టు పెట్టెలో పెట్టడం అత్తాకోడళ్ళ వంతు. ఓక్‌బున్ ఒకటి చుట్టేలోగా బోరమ్ రెండు చుట్టేది. అయినా ఓక్‌బున్ కోడలు చుట్టిన ప్రతిదీ ఒకసారి విప్పి చూసేది.

మధ్యాహ్నం నేను వెళ్ళాను. కిమ్చి పెట్టినరోజు ఉడికించిన పందిమాంసం తినకపోతే ఇరుగుపొరుగు అనిపించుకోం.

"ఏం తాతా, కిమ్చి పెట్టేటప్పుడు కనబడవు, తినేటప్పుడు కనబడతావు," అన్నాడు తేగ్యూ.

"నేను రుచి చూసే శాఖ. ఆ శాఖలో మనుషులు తక్కువ," అన్నాను. బోరమ్ కొత్త కిమ్చిలో మాంసం ముక్క చుట్టి నా నోటికి అందించింది. వేళ్ళు వాచి, గోళ్ళ చుట్టూ ఎర్రగా ఉంది.

"ఇన్ని పెట్టెలు ఎవరికి?" అని అడిగాను.

"మూడు మాకు. మిగతావి..." బోరమ్ వాక్యం అక్కడే వదిలేసింది.

ఓక్‌బున్ పెట్టెల మూతల మీద నల్ల కలంతో పేర్లు రాస్తోంది. నాలుగు పెద్ద పెట్టెల మీద తేగ్యూ అన్న పేరు పడింది. సువాన్‌లో ఉంటాడు. పెళ్ళాన్ని తీసుకుని కిమ్చి పెట్టేరోజు ఆ గేటు దాటి రావడం నేను చూడలేదు.

"పెద్దాడికి ఆఫీసులో ఊపిరాడని పని. వచ్చే వారం వచ్చి తీసుకెళ్తాడు," అంది ఓక్‌బున్. "అందాకా బండిలో కింద పెడదాం. చల్లగా ఉంటుంది."

"వెచ్చగా ఉంటుందని కదా సోయా దిమ్మలు కట్టారు," అంది బోరమ్ నెమ్మదిగా.

"పైన వెచ్చన, కింద చల్లన. చదువుకున్నవాళ్ళు కట్టిన బండి కదా."

బోరమ్ నవ్వలేదు, కోపగించుకోనూ లేదు. చేతి తొడుగులు కడుక్కోవడానికి మా గోడ పక్క కుళాయి దగ్గరికి వచ్చింది. సముద్రానికి వెళ్ళాల్సిన శనివారం మునిమాపుకి వచ్చేసింది. తొడుగుల్లోంచి ఎర్రనీళ్ళు కారుతుంటే గోడ మీదుగా మా పెరట్లోకి చూస్తూ నిలబడిపోయింది.

"తాతా, మీ పశువుల కొట్టంలో ఇప్పుడేమున్నాయి?"

"ఆవుల్ని అమ్మేసి ఆరేళ్ళయింది. ఒక విరిగిన నిచ్చెనా, కాస్త చీకటీ ఉన్నాయి."

"పైకప్పు కారుతుందా?"

"నా ఇంటికప్పు కారుతుంది. కొట్టానిది కారదు. ఆవులు ఊరుకునేవి కావు."

ఆవిడ గేటు తిరిగి మా పెరట్లోకి వచ్చింది. కొట్టం గుమ్మం ముందు నిలబడి రెండు చేతులూ బార చాచింది. ఒక బార, ఆపైన ఒక మూర, ఇంకో జానెడు. పెదాలు కదుపుతూ ఏదో గుర్తుపెట్టుకుంది. ఆ గుమ్మం కమ్మీ మీద ఎర్రటి అయిదు వేళ్ళ గుర్తు ఒకటి పడింది. తరవాత ఆ ఉపాయం నాదేనని ఊళ్ళో చాలామందికి చెప్పాను. నిజానికి, మిగిలిన క్యాబేజీలు పెట్టుకోవడానికి చోటు చూస్తోందనుకున్నాను.

ఆదివారం బోరమ్ నడుం పట్టుకుని లేచింది. సోల్‌కి కోటు తొడిగింది. బండి తలుపు తీసి, పీటెక్కి, మొదటి దిమ్మ గడ్డితాడు విప్పింది. కింద, ముందురోజే చేరిపోయిన నాలుగు కిమ్చి పెట్టెలకి అడ్డంగా కాలు పెట్టి నిలబడాల్సొచ్చింది.

తేగ్యూ పళ్ళు తోముకుంటూ వచ్చాడు. "ఏం చేస్తున్నావు?"

"దింపుతున్నాను."

"ఇరవై రోజులు కదపొద్దంది కదా అమ్మ."

"రెండు చేతులతో పట్టుకో. కిందపడితే తిట్లు నీకే."

నోట్లో బ్రష్షు ఉంచుకునే పట్టుకున్నాడు. ఓక్‌బున్ అరుగు మీదికి వచ్చి నిలబడింది.

"ఎక్కడికి అవి?"

"మీ గదిలోకి అత్తయ్యా. కిటికీ పక్కన వెదురు కట్టాను. నేల వెచ్చబడేలా కింద వేడి పెట్టాను. బండికంటే అక్కడే వెచ్చగా ఉంటుంది."

ఓక్‌బున్ చీపురు తీసుకుంది. ముందే ఊడ్చి ఉన్న వాకిలి మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది. కోపం వస్తే ఆవిడ చేసే పని అదే. ఆ ఇంటి వాకిలి అంత శుభ్రంగా ఎందుకుంటుందో ఊరందరికీ తెలుసు.

పన్నెండు దిమ్మలూ ఒక్కొక్కటిగా వెళ్ళాయి. తరవాత కిమ్చి పెట్టెలు. ఒక్కోటీ ఇరవై కిలోల పైమాటే. రెండు పెట్టెలు మోసేసరికి బోరమ్ ఒక పక్కకి వంగిపోయింది. మూడోదాన్ని ఎత్తబోతుంటే చీపురు పక్కన పడేసి ఓక్‌బున్ వచ్చి పెట్టె రెండో పిడి పట్టుకుంది. కోడలి మీద జాలితో అనుకోకండి. పెద్దాడి కిమ్చి ఎక్కడ ఒలికిపోతుందోనని. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, అడుగులు కలుపుకుంటూ వెనక అరుగుదాకా మోశారు. నాలుగోదీ అలాగే మోశారు.

బండి ఖాళీ అయ్యేసరికి తేగ్యూ మొహం వికసించింది. "ఇంకేం మరి. ఇప్పుడు బయలుదేరితే నలభై నిమిషాల్లో సముద్రం. రాత్రికి అక్కడే ఉండి రేపు సాయంత్రం వచ్చేద్దాం."

సోల్ బకెట్ కోసం పరిగెత్తింది.

బోరమ్ బండి మెట్టు మీద కూర్చుంది.

"వచ్చి బండి ఎక్కడ పెడతాం?"

"ఇక్కడే."

"ఆ తరవాత మళ్ళీ వచ్చినప్పుడు ఇందులో ఏముంటుంది?"

తేగ్యూ బ్రష్షు వైపు చూసుకున్నాడు.

"తాతగారి కొట్టం సరిపోతుంది, కొలిచాను," అంది బోరమ్. "చోటు మార్చాలంటే కాగితం మీద ఆయన ముద్ర కావాలి. ఆఫీసు తెరిచేది రేపు. నాకు సెలవున్నది రేపొక్కటే. సముద్రానికి వెళితే ఆఫీసు లేదు. ఆఫీసుకి వెళితే సముద్రం లేదు."

"సముద్రానికి వెళ్ళట్లేదా?" అంది సోల్, బకెట్ పట్టుకుని.

బోరమ్ పిల్ల కోటు జిప్పు మెడదాకా లాగింది. లాగినదాన్ని కొంచెం దించి, మళ్ళీ లాగింది. "లేదమ్మా," అంది.

లేచి అత్తగారి ముందుకి వెళ్ళి చెయ్యి చాచింది. "బండి తాళంచెవి అత్తయ్యా."

అది ధాన్యం కొట్టు తాళంచెవీ, వంటింటి తాళంచెవీ ఉన్న గుత్తిలో ఉంది. కారానికి మండిన వేళ్ళతో ఓక్‌బున్ ఆ ఇనపరింగు విడదీయలేకపోయింది. గోరు జారుతోంది. బోరమ్ సాయం చేయలేదు. చెయ్యి చాచి అలాగే నిలబడింది. ఎంతసేపైనా సరే అన్నట్టు.

"పక్కవాళ్ళ చోట్లో పెడితే ఊళ్ళో ఏమనుకుంటారు?" అంది ఓక్‌బున్, చెవి కోడలి చేతిలో పెడుతూ.

"పక్కవాణ్ణి నేనే కదా తేగ్యూ అమ్మా. నేనేమీ అనుకోను," అన్నాను గోడ మీంచి.

ఆవిడ నన్ను చూసిన చూపుకి గోడ మీది పాచి ఎండిపోయింది.

మా సందు ఇరుకు, కారుకి తగిలించి తిప్పే వీలు లేదు. చేత్తోనే తోశాం. తేగ్యూ వెనక, బోరమ్ ముందు కొక్కెం దగ్గర, నేను పక్కనుంచి సలహాలిస్తూ. ముందు చిన్నచక్రం వాకిట్లోని ప్రతి గులకరాయి దగ్గరా ఆగి ఆలోచించేది. "ఎడమకి, ఎడమకి, ఇంకా ఎడమకి" అని నేను అరుస్తూనే ఉన్నాను. నా ఎడమా బోరమ్ ఎడమా ఎదురెదురుగా ఉన్నాయని గేటు స్తంభం తగిలాక తెలిసింది. ఒక్క గీత పడకుండా తీయించానని మొదట అన్నాను. అవును, ఒక్కటి కాదు, మూడు పడ్డాయి. ఒకదాంట్లో వేలు పడుతుంది.

ఇక దూరం సంగతి. సోల్ బకెట్ ఊపుకుంటూ అడుగులు లెక్కపెట్టింది. వాకిట్లోంచి సందు దాటి మా కొట్టందాకా నలభై ఒక్క అడుగులు. అవీ పిల్ల అడుగులు. మా ప్రాంతంలో ఇంతకంటే దూరం వెళ్ళిన ట్రైలర్లు ఒక ఎనభై దాకా ఉంటాయి, నేను కాదనను. కాని నెమరేసిన గడ్డి వాసన ఇంకా పోని ఆ కొట్టంలో చక్రాల కింద రాళ్ళు పెట్టి, బోరమ్ నడుం నిలబెట్టుకున్నప్పుడు ఆవిడ మొహం నేను చూశాను. చాలా దూరంనుంచి వచ్చిన మనిషి మొహం అది.

సోమవారం పొద్దున, సంతకానికి బదులు కాగితాల మీద వేసే నా పేరు ముద్ర కనబడలేదు. పెట్టెలు రెండు దులిపాం. చివరికి బియ్యం డబ్బాలో దొరికింది. అందులోకి ఎలా వెళ్ళిందో నన్నడిగితే లాభం లేదు. ఆఫీసులో బల్ల వెనకున్న అమ్మాయి పాత కాగితమూ కొత్త కాగితమూ పక్కపక్కన పెట్టి చూసింది.

"అత్తగారి స్థలం ఉంది కదా. గోడ పక్కకే ఎందుకు మారుస్తున్నారు?"

"అక్కడ కిమ్చి ఉంది," అంది బోరమ్.

ఆ అమ్మాయి వేలికి పెళ్ళి ఉంగరం ఉంది, గోళ్ళ చుట్టూ ఇంకా పోని కారం ఎరుపుంది. ఇంకేమీ అడగలేదు. ముద్ర వేసి, ఇంకు ఆరేలా రెండుసార్లు ఊది ఇచ్చింది.

మధ్యాహ్నం తేగ్యూ పిల్లని వాగు దగ్గరికి తీసుకెళ్ళాడు, బకెట్ వృథా పోకుండా. బోరమ్ బండి తలుపు వేసుకుని పడుకుంది. గ్వాంగ్జుకి బయలుదేరడానికి ఇంకా మూడు గంటలుంది. పరుపులో సోయా వాసన పోలేదు. కిటికీలోంచి కనబడేది కొట్టం గోడా, ఆవుల మెడలు రాసుకుని నునుపెక్కిన గుంజా. అత్తగారి వంటింట్లో గిన్నె పెట్టిన చప్పుడు వినబడింది. అలవాటుగా లేవబోయింది. లేవలేదు. చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ ఇంకో గిన్నె చప్పుడు. అప్పటికి నిద్రపోయింది.

లోపలికి రావచ్చా అన్నట్టు ఎవరో దగ్గితే మెలకువ వచ్చింది.

తలుపు తీస్తే ఓక్‌బున్. వట్టి చేతులతో వచ్చింది. ఆ ఇంట్లో ఏ తలుపైనా భుజంతో నెట్టుకు వెళ్ళే మనిషి, మెట్టుకి రెండడుగుల దూరంలో నిలబడింది.

"పడుకున్నావా?"

"లేచాను. రండి అత్తయ్యా."

ఆవిడ చెప్పులు విప్పి, రెండూ కలిపి పక్కకి జరిపి, తల వంచుకుని లోపలికి ఎక్కింది. మొన్నటిదాకా దిమ్మలు కట్టడానికి ఎన్నిసార్లు ఎక్కిందో. ఇప్పుడు మాత్రం ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు ఆగింది. బోరమ్ బల్ల పక్కన చోటు చూపించింది. డాక్టరు పిలుపు కోసం ఎదురుచూసేవాళ్ళలా అంచున కూర్చుంది. చెయ్యి బల్ల తుడవడానికి వెళ్ళింది. బల్ల శుభ్రంగానే ఉంది. చెయ్యి వెనక్కి వచ్చి ఒళ్ళో పడింది.

బోరమ్ చిన్న పొయ్యి వెలిగించి నీళ్ళు పెట్టింది. కాఫీ పొట్లాలు రెండు చించి, ఖాళీ పొట్లంతోనే కలిపింది.

"సువాన్‌కి ఫోన్ చేశాను," అంది ఓక్‌బున్. "ఇంట్లో చోటు లేదు, ఈ వారమే వచ్చి తీసుకుపొమ్మన్నాను."

బోరమ్ కప్పు ముందు పెట్టింది. ఓక్‌బున్ రెండు చేతులతో పట్టుకుని తాగింది. తాగడం అయ్యీ కాకుండానే లేచి కప్పు కడగబోయింది.

"ఉంచండి అత్తయ్యా. ఇక్కడ కడిగేది నేను."

ఓక్‌బున్ మళ్ళీ కూర్చుంది. ఈసారి వెనక్కి ఆనుకుని కూర్చుంది.

"ఈ ఇంటికి కోడలిగా వచ్చి నలభై మూడేళ్ళు," అంది. "నేనున్న గది ముందు ఆగి దగ్గినవాళ్ళు ఒక్కరూ లేరు."

ఈ ఆఖరి మాట మాత్రం నేను కల్పించాను. కొట్టం బయట ఊడుస్తున్నట్టు నటిస్తూ అంతా విన్నాను గనక చెబుతున్నాను, ఓక్‌బున్ అలాంటి మాటలనే మనిషి కాదు. ఆవిడ నిజంగా అన్నది, కాఫీలో తీపి ఎక్కువైందని. బోరమ్ అవునంది. తరవాత ఓక్‌బున్ కప్పు ముందుకి జరిపి, ఇంకొంచెం పొయ్యమంది.